పట్టుచీర మీద మోజు జబ్బా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అనంతపురంలో ప్రభుత్వ ఉద్యోగం. సొంతూరు ధర్మవరం దగ్గర. పెళ్లయి నాలుగేళ్లు. ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను. పట్టుచీర ముట్టుకున్నా, దాని గరగర విన్నా నాకు కోరిక కలుగుతుంది. నా భార్య పట్టుచీర కట్టుకున్న రోజు ఏ ఇబ్బందీ ఉండదు. మిగతా రోజుల్లో కళ్లు మూసుకుని ఆ చీరను తలచుకుంటే తప్ప నా వల్ల కాదు. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. పోయిన నెల ఆమె పుట్టింటికి వెళ్లినప్పుడు బీరువాలోంచి ఆమె పెళ్లిచీర తీసి పక్కన పెట్టుకుని పడుకున్నాను. తిరిగొచ్చాక మడత తేడా చూసి పట్టేసింది. వేరే ఆడమనిషిని ఇంటికి తెచ్చి నా చీర కట్టించావా అని ఏడ్చింది. తట్టుకోలేక నిజం చెప్పాను. అది విన్నాక ఇంకా భయపడింది. "ఇదేం పిచ్చి నీకు? ఎవురికన్నా తెలిస్తే పరువు పోతాది, యాడన్నా చూపించుకో పో" అంది. నాకు ఆడదానిలా మారాలని ఉందేమోనని కూడా ఆమె అనుమానం. మా అత్తకు సగం సగం తెలిసి, ఎవరో స్వామి దగ్గర తాయెత్తు కట్టిద్దామంటోంది. గోడ మీద ప్రకటన చూసి ఒక క్లినిక్‌కు వెళితే 18 వేలు తీసుకుని పొడులిచ్చారు. ఏ మార్పూ లేదు. పెళ్లిళ్లకు పోవాలంటే భయమేస్తోంది. రద్దీ బస్సులో పట్టుచీర కట్టుకున్నవాళ్ల పక్కన నిలబడాలనిపిస్తుంది, ఇంతవరకు తప్పుగా నడుచుకోలేదు. నాకీ మోజు ఎందుకొచ్చింది? ఇది జబ్బా? పోతుందా? నేను మామూలు మనిషిని కానా?
— పేరు వద్దు, అనంతపురం

సమాధానం: ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను. మీరు మామూలు మనిషే. మీకున్నలాంటి ఇష్టాన్ని ఫెటిష్ అంటారు. ఒక వస్తువో, బట్టో, మామూలుగా ఎవరూ పట్టించుకోని శరీర భాగమో కోరికను బలంగా రేపడమే అది. మీకు పట్టు. ఇంకొకరికి పాదాలు, తోలు, రబ్బరు, చేతి తొడుగులు, పొడవాటి జుట్టు. ఊదిన బెలూన్లు చూసి, తుమ్ము విని కోరిక కలిగేవాళ్లు కూడా ఉన్నారు. 2017లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో 1,040 మంది పెద్దవాళ్లను అడిగి చేసిన సర్వేలో, వైద్య పుస్తకాలు "అసాధారణం" అని రాసుకున్న ఇష్టాల్లో ఏదో ఒకటి తమకూ ఉందని దాదాపు సగం మంది చెప్పారు. సగం మందిలో ఉన్నదాన్ని అసాధారణం అనాలా అన్న సందేహం ఆ పరిశోధకులకే వచ్చింది. మన జిల్లాల్లో అలాంటి సర్వే ఎవరైనా చేస్తే ఎంతమంది నోరు విప్పుతారో కానీ, మనిషి మనసు అనంతపురంలో ఒకలా, అక్కడ ఒకలా ఉండదు.

జబ్బా అంటే, ఉత్తి ఇష్టం జబ్బు కాదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జబ్బుల పట్టికలో ఫెటిషిజం ఒక రోగంగా ఉండేది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పట్టిక, ఐసీడీ-11లో దాన్ని తీసేశారు. అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్ఎం-5 కూడా అసాధారణమైన ఇష్టాన్నీ, రుగ్మతనూ విడదీసింది. ఆ ఇష్టం ఆరు నెలలకు పైగా బలంగా ఉండి, దానివల్ల మనిషి తీవ్రంగా నలిగిపోతున్నా, సంసారమో ఉద్యోగమో దెబ్బ తింటున్నా అప్పుడే దాన్ని వైద్యం అవసరమైన సమస్యగా చూస్తారు. ఎదుటి మనిషి ఒప్పుకోకపోయినా వాళ్ల మీద తీర్చుకునేలాంటి కోరికలైతే ఆ లెక్క వేరు, వాటిని ఎక్కడా తేలిగ్గా తీసుకోరు. మీరు రాసినదాన్ని బట్టి మీకున్న ఇబ్బంది పట్టు వల్ల కొంత, దాన్ని దాచడం వల్ల చాలా. ఈ రెండూ విడదీసి చూడాలి.

ఇక ఎందుకొచ్చింది అన్న ప్రశ్న. ఇది మీకొక్కరికే వచ్చింది కాదు, 140 ఏళ్లుగా పెద్ద పెద్ద బుర్రలు దీని మీద కొట్టుకుంటున్నాయి. తర్వాతి కాలంలో తెలివితేటల పరీక్షకు పేరుపడ్డ ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ బినే 1887లో దీని గురించి పెద్ద వ్యాసం రాశాడు. ఎప్పుడో ఒకసారి ఒక వస్తువూ, గట్టి ఉద్వేగమూ ఒకే క్షణంలో కలిసి మనసులో ముడిపడిపోతాయన్నది ఆయన వాదన. 1966లో లండన్‌లో స్టాన్లీ రాక్‌మన్ అనే మనస్తత్వవేత్త దీన్ని పరీక్షకే పెట్టాడు. కొందరు యువకులకు బూట్ల బొమ్మ, వెంటనే ఆకర్షణీయమైన స్త్రీల బొమ్మలు మళ్లీ మళ్లీ చూపించాడు. కొన్నాళ్లకు ఉత్తి బూట్లు చూసినా వాళ్ల శరీరం స్పందించింది. అయితే పాల్గొన్నది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, వచ్చిన స్పందన కూడా చూపించడం ఆపేస్తే మెల్లగా పోయింది. మీ ఇష్టం అలా పోయే రకం కాదు. అదీగాక మగ్గాల మధ్య పెరగడమే కారణమైతే ధర్మవరంలో వేలమందికి ఈ మోజు ఉండాలి. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని రోజంతా పట్టు నేసే మనిషికి సాయంత్రానికి ఆ చీర కూలీ లెక్కగానే కనిపిస్తుంది. కాబట్టి పెరిగిన చోటు ఒక్కటే కారణం కాదు. పుట్టుకతో వచ్చే మనసు తీరు, తగిలిన అనుభవాలు, రెండూ కలిసి ఒక్కొక్కరిలో ఒక్కోలా కుదురుకుంటాయి. మీ విషయంలో సరిగ్గా ఏది కారణమో ఎవరూ తేల్చి చెప్పలేరు. తేలుస్తానని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

మెదడు వైపు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1954లో ఇంగ్లండ్ వైద్యులు ఒక వింత కేసు రాశారు. ఒక మనిషికి పిన్నీసు చూస్తే చాలు గొప్ప సుఖం కలిగేది, దాంతోపాటే మూర్ఛ వచ్చేది. మెదడులో కణత వైపు దెబ్బతిన్న భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేస్తే మూర్ఛా పోయింది, పిన్నీసు మీద మోజూ పోయింది. పాదాల మోజు గురించి మన తమిళనాడులో పుట్టిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ఒక ఊహ చేశారు. మెదడులో పాదాల స్పర్శ చేరే చోటూ, జననాంగాల స్పర్శ చేరే చోటూ పక్కపక్కనే ఉంటాయనీ, అందుకే ఒకటి రెండోదాన్ని తట్టిలేపుతుందేమోననీ అన్నారు. అందరూ ఒప్పుకున్న మాట కాదది. కానీ 2007లో ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంటర్నెట్‌లో ఇలాంటి ఇష్టాలున్నవాళ్ల బృందాలను వందల సంఖ్యలో పరిశీలిస్తే, శరీర భాగాల్లో అన్నిటికంటే ఎక్కువ మంది మనసు పడింది పాదాల మీదే, వస్తువుల్లో చెప్పులు, మేజోళ్ల మీదే.

పట్టు సంగతికి వస్తే, నాకు అన్నిటికంటే సూటిగా తోచే వివరణ చర్మంలోనే ఉంది. మన చర్మంలో మెల్లగా, మెత్తగా నిమిరితే మాత్రమే పనిచేసే సన్నటి నరాలు కొన్ని ఉన్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు అవి బాగా స్పందిస్తాయి. అమ్మ బిడ్డ వీపు నిమిరే వేగం దాదాపు అదే. అవి మోసుకెళ్లేది ఏ వస్తువు తగిలిందన్న సమాచారం కాదు, హాయిగా ఉందన్న భావన. కొందరిలో ఈ స్పర్శ చాలా పదునుగా ఉంటుంది. దానికి తోడు పట్టుకు మెరుపుంది, చప్పుడుంది, కొత్త చీర విప్పినప్పుడు వచ్చే వాసన ఉంది. చూపు, చెవి, ముక్కు, చర్మం నాలుగూ ఒకేసారి మేలుకుంటాయి. పైగా మనవైపు పట్టుచీర రోజూ కట్టేది కాదు. పెళ్లికో పండక్కో వ్రతానికో బీరువాలోంచి బయటికొస్తుంది. ఎదురుచూపు ఎంత ఎక్కువైతే కోరిక అంత పెరగడం మెదడు తీరు. మడికి కట్టేదాని మీద ఇలాంటి ఆలోచనా అన్న భయం కూడా ఆ కోరికను చల్లార్చదు, ఇంకా బిగిస్తుంది.

ఇవన్నీ మగవాళ్లకే అనుకోకండి. వైద్యుల దగ్గరికి వచ్చేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ నిజమే. కానీ అచ్చంగా మీలాంటి ఇష్టాన్నే 1908లో ఆడవాళ్లలో చూసి రాశాడు ప్యారిస్ మానసిక వైద్యుడు క్లెరంబో. దుకాణాల్లో పట్టు ముక్కలు దొంగిలించి దొరికిపోయిన స్త్రీలు వాళ్లు. అమ్ముకోవడానికి కాదు, ఆ స్పర్శ కోసం, ఆ గరగర కోసం. వాళ్లు దొంగతనం దాకా ఎందుకెళ్లారో చదివినప్పుడల్లా, ఒక్కరికైనా మాట చెప్పుకునే మనిషి ఉండి ఉంటే ఆ పరిస్థితి వచ్చేదా అనిపిస్తుంది నాకు. మన పాత సాహిత్యంలో చీర కొంగు, అందెల చప్పుడు, కస్తూరి, పూలు లేకుండా శృంగారమే లేదు. కడప సీమలోని తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య సంకీర్తనల్లో ఎక్కువ భాగం శృంగారానివే. ఇష్టాలు దేశాన్ని బట్టి, మనిషిని బట్టి మారతాయని వాత్స్యాయనుడు ఎప్పుడో రాసిపెట్టాడు. మనకు లేనిది ఆ మాటలను ఇంట్లో, ఇద్దరి మధ్య మాట్లాడుకునే అలవాటే.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఇంకో సంగతి కనబడింది. దాన్ని కొంచెం నిదానంగా వినండి. చీర మిమ్మల్ని ఏమీ అడగదు. ఈ రోజు అయిందా లేదా అని చూడదు, మొహం ముడుచుకోదు, అత్తకు చెప్పదు. మనిషి ముందు ఓడిపోతానేమో అన్న టెన్షన్ ఉన్నవాళ్లకు వస్తువు దగ్గర చాలా భద్రంగా ఉంటుంది. మీరు కళ్లు మూసుకున్న ప్రతిసారీ ఆ భద్రత దగ్గరికి పారిపోతున్నారనిపిస్తోంది. అలా పారిపోతుంటే ఎదురుగా ఉన్న మనిషి మెల్లమెల్లగా కనుమరుగవుతుంది. నాలుగేళ్లుగా ఆమెకు అది తెలియకుండా ఉంటుందా? కారణం తెలియదు కానీ, మీరు తన దగ్గర ఉండి కూడా లేరని తెలుస్తూనే ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పట్టు మీ ఇద్దరి మధ్యకు ఒక సరదాగా వస్తే ఏ గొడవా లేదు. ఆమె బదులు పట్టు వస్తేనే గొడవ. పోగొట్టుకోవాల్సింది ఇష్టాన్ని కాదు, అది లేకపోతే ఏమీ లేదన్న భయాన్ని.

ఆ భయానికి వైద్యం ఉంది. మందుల కంటే ముందు మాటలు, అభ్యాసాలు. 1970లో మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇప్పటికీ వాడుతున్నారు. కొన్ని వారాల పాటు కలయిక అసలు వద్దనుకుని, ఒకరి చేయి, వీపు, మెడ ఇంకొకరు మెల్లగా తాకుతూ, ఏది హాయిగా ఉందో చెప్పుకోవాలి. గెలవాల్సింది ఏమీ లేదు కాబట్టి ఓడిపోవడమూ ఉండదు. మీరు స్పర్శకు బాగా స్పందించే మనిషి, మీకిది తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం. మనిషి చర్మం కూడా పట్టులాగే పలుకుతుందని అప్పుడు తెలుస్తుంది. ఒకసారి షుగర్, బీపీ కూడా చూపించుకోండి. ముప్పై దాటాక కొన్ని ఇబ్బందులు శరీరం వల్లే వస్తుంటాయి. ఇష్టాన్నే పూర్తిగా తుడిచేసే వైద్యం మాత్రం లేదు. 1950ల్లో అలా ప్రయత్నించారు. చేతిసంచులు, పిల్లల బళ్ల మీద మోజున్న ఒకతనికి వాంతులయ్యే ఇంజెక్షన్లు ఇస్తూ ఆ వస్తువులు చూపించారని 1956లో ఒక డాక్టర్ రాశాడు. ఇప్పుడు ఆ దారిని మంచి వైద్యులెవరూ పట్టరు.

ఆ పొడులు ఈ రోజే ఆపండి. అలాంటివాటిలో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు), స్టెరాయిడ్, సీసం లాంటివి కలిపి ఉన్నట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్లు తెలియక తింటే ప్రాణానికే ముప్పు. గోడల మీద ఆ ప్రకటనలు వేయడమే నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలను నిషేధించింది. అలాంటి బాధలు పోగొడతామని తాయెత్తులకు, మంత్రాలకు ప్రచారం చేసుకోవడాన్ని కూడా అదే చట్టం ఒప్పుకోదు. మీ అత్తగారికి ఈ మాట చెప్పండి. ఆమె మీద కోపం తెచ్చుకోకండి. కూతురు కాపురం గురించి భయపడుతున్న తల్లి ఆమె. కానీ ఇంతకు మించి వివరాలు ఆమెకు తెలియాల్సిన అవసరం లేదు. "డాక్టర్‌కు చూపించుకుంటున్నాం అత్తా, తగ్గుతాది" అంటే చాలు.

బస్సు సంగతి దగ్గర మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. మనసులో వచ్చే ఆలోచనకు మీరు నేరస్థుడు కాదు. పక్కకు చేరి ఒక్కసారి కావాలని ఆ చీరను ముట్టుకుంటే అవుతారు. ఆ చీరలో ఒక మనిషి ఉంది, ఎవరి పెళ్లికో పిల్లలను తీసుకుని పోతోంది, మీ ఇష్టంలో ఆమెకు ఏ పాత్రా లేదు. భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ ప్రకారం అలాంటి పనికి ఏడాది నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడుతుంది. చట్టం లేకపోయినా తప్పు తప్పే. రద్దీ బస్సు వస్తే వదిలేసి తర్వాతది ఎక్కండి. ఆ ఒత్తిడి పెరుగుతోందని అనిపిస్తే డాక్టర్‌కు మొదట చెప్పాల్సిన మాట అదే, సిగ్గుపడి ఆఖరికి పెట్టకండి.

పెళ్లిచీర గురించి ఇంకో మాట. అది ఆమెది. పుట్టింటివాళ్లు పెట్టింది అయ్యుండొచ్చు, అప్పు చేసి కొన్నదీ అయ్యుండొచ్చు. పట్టుచీరకు మడతలు మారుస్తూ ఉండకపోతే జరీ దగ్గర చిరుగుతుంది కాబట్టి, ఏ మడత ఎప్పుడు వేసిందో ఆడవాళ్లకు గుర్తుంటుంది. ఆమె అంత జాగ్రత్తగా దాచుకున్నదాన్ని అడక్కుండా తీశారు. మీ కోరికకు క్షమాపణ అడగక్కర్లేదు, దీనికి మాత్రం అడగండి. ఇకముందు ఆమె పెట్టెలోది ఏదీ ఆమెకు చెప్పకుండా తీయొద్దు. మీకు కావాలనుకుంటే ధర్మవరంలో మీ డబ్బుతో మీరే ఒకటి కొనుక్కోండి, అది దేనికో ఆమెకు తెలిసి ఉండాలి.

ఆమెతో మాట్లాడేటప్పుడు పడగ్గదిలో, లైటు ఆర్పాక మొదలుపెట్టకండి. ఆదివారం పొద్దున తీరిగ్గా, ఫోన్లు పక్కన పెట్టి చెప్పండి. నువ్వంటే ఇష్టం లేక కాదు, ఇది నాకు నీకంటే ముందు నుంచీ ఉంది, చెప్పే ధైర్యం లేకపోయింది అనండి. తర్వాత ఆమె చెప్పేది వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి. వెంటనే ఒప్పుకోమని మాత్రం అడగొద్దు. మీరు ఈ ఇష్టంతో ఇన్నేళ్లు బతికారు, ఆమెకు తెలిసి నెల కూడా కాలేదు.

ఈ పేజీ మీ ఇంట్లో ఆమె కూడా చదువుతుందనుకుని ఆమెకు నాలుగు మాటలు. అమ్మా, ఆ రోజు ఇంట్లోకి వేరే ఆడమనిషి ఎవరూ రాలేదని మీ ఆయన రాసిన తీరు చూస్తే నాకు నమ్మకంగా ఉంది. పరువు పోతుందని తెలిసీ ఇంత సిగ్గయిన నిజాన్ని ఎవరూ కల్పించి చెప్పరు. ఆడదానిలా మారాలనే కోరిక కూడా ఆయన ఉత్తరంలో ఎక్కడా లేదు. బట్ట మీద ఇష్టం వేరు, అది వేరు. ఎవరికైనా అది ఉన్నా సిగ్గుపడాల్సిందేమీ కాదు. మీ అందంలో లోపమేమైనా ఉందా అని ఒక్కసారైనా అనుకుని ఉంటారు, లేదు. ఆయన అడిగినదానికి అప్పుడప్పుడు సరేనంటారో, అసలు వద్దంటారో అది పూర్తిగా మీ ఇష్టం. పండక్కి కట్టుకున్నప్పుడు మాత్రం ఇబ్బందిగా అనిపిస్తే అది కూడా చెప్పండి, ఆయన విని తీరాలి.

ఇద్దరూ కలిసి ఒకసారి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. అక్కడ తెలిసినవాళ్లు కనిపిస్తారని భయమైతే కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో పోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వాళ్లదే. అంతదాకా ఆగలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. వెళ్లేటప్పుడు ఆ పొడుల పొట్లాలు వెంట తీసుకెళ్లి చూపించండి. అడగాల్సినవి ముందే కాగితం మీద రాసుకోండి, గదిలోకి వెళ్లాక సగం మరిచిపోతాం. డాక్టర్‌తో విడివిడిగా కాసేపు మాట్లాడతామని ఇద్దరూ అడగొచ్చు, వాళ్లేమీ అనుకోరు.